రోజూ మాత్రా, ఆర్నెల్లకో సూదా?

సభ అయ్యాక ప్రశ్నలు అడగమంటే మన ఊళ్లలో చేతులు లేవవు. హెచ్‌ఐవీ మీద సభ అయితే అసలే లేవవు. అందుకని ఖాళీ చీటీలు పంచి, పేరు రాయొద్దని చెప్పి, ఒక అట్టపెట్టెలో వేయమంటాను. ఎక్కువ చీటీల్లో దోమకాటు, సెలూన్ బ్లేడు, ఒకే కంచంలో తినడం గురించే ఉంటుంది. దోమకాటుతో రాదు, కంచంతో రాదు, బ్లేడు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి అని చెప్పేసి ముందుకు సాగిపోతుంటాను.

ఒక మండల కేంద్రంలో జరిగిన సభలో మాత్రం ఒక చీటీ నన్ను ఆపేసింది. లెక్కల నోటుబుక్కులోంచి చింపిన కాగితం, నాలుగు మడతలు. గుండ్రటి అక్షరాలు. "మా ఆయనకు ఉంది. నాకు లేదు. పెళ్లయి రెండేళ్లు. పిల్లలు కావాలి. నాకు రాకుండా రోజూ వేసుకునే మాత్ర ఉందంటున్నారు. ఆర్నెల్లకోసారి వేసే సూది వచ్చిందని ఫోన్లో చూశాను. రెండిట్లో ఏది మంచిది?"

ఆ రోజు మైకు ముందు రెండు నిమిషాల్లో ఏదో చెప్పాను. అది చాలదని చెబుతున్నప్పుడే తెలిసింది. ఆ చీటీకి సరైన జవాబు ఈ అధ్యాయం.

జబ్బు లేనివాళ్లకు మందెందుకు?

మలేరియా ప్రాంతానికి వెళ్లే సైనికులకు ముందే మాత్రలు ఇస్తారు. దోమ కుట్టినా రోగం పాతుకోకుండా, శరీరంలో మందు ముందే కాచుకుని ఉంటుంది. హెచ్‌ఐవీకి కూడా అలాంటి ముందస్తు మందు ఉంది. వైద్యులు దాన్ని పొడి అక్షరాల్లో ప్రెప్ అంటారు. ఇది టీకా కాదు. టీకా మన రక్షకదళానికి శిక్షణ ఇచ్చి వెళ్లిపోతుంది. ముందస్తు మందు తానే కాపలా కాస్తుంది. మందు ఒంట్లో ఉన్నంతసేపే కాపలా. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా దాన్నుంచే వస్తుంది.

ఇక్కడే ఇంకో మాట చెప్పేస్తాను. ప్రమాదం జరిగిపోయాక, అంటే సూది గుచ్చుకున్నాకో, అత్యాచారం తర్వాతో, కండోమ్ చినిగాకో వేసుకునే మందు వేరు. దాన్ని 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది. మనం మాట్లాడుతున్నది దాని గురించి కాదు, ముందుగా వేసుకునేదాని గురించి.

వైరస్ లోపలికి వచ్చి ఏం చేస్తుంది? దొంగ దస్తావేజుతో పొలం కాజేసేవాణ్ణి ఊహించుకోండి. మొదట వాడు తన దొంగ కాగితాన్ని లేఖరి చేత రిజిస్ట్రారు ఆఫీసు భాషలోకి రాయించాలి. తర్వాత దాన్ని అసలు రికార్డుల్లోకి ఎక్కించాలి. ఒక్కసారి ఎక్కిందా, ఇక ఆ పుస్తకాన్ని ఎవరు తిరగేసినా వాడి పేరే వస్తుంది. హెచ్‌ఐవీ చేసేదీ ఇదే. మన రక్షకదళంలో సీడీ4 అనే తెల్లకణంలోకి దూరి, తన ఆర్‌ఎన్‌ఏ రాతను డీఎన్‌ఏ భాషలోకి తిరగరాస్తుంది. ఆ తర్వాత దాన్ని మన జన్యువుల మధ్య అతికిస్తుంది. అతికాక దాన్ని పూర్తిగా చెరిపేసే మందు ఇప్పటికీ లేదు. కాబట్టి ఆపేది ఏదైనా రికార్డుకు ఎక్కకముందే ఆపాలి.

రోజూ వేసుకునే మాత్రలో టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అని రెండు మందులు ఉంటాయి. ఇవి తిరగరాసే పనిని చెడగొడతాయి. డీఎన్‌ఏ పూసల దండ అనుకుంటే, ఈ మందులు ఒకవైపే రంధ్రం ఉన్న పూసల్లాంటివి. లేఖరి తొందరలో ఆ పూసను ఎక్కించేస్తాడు, తర్వాతి పూస ఎక్కదు. దండ అక్కడితో ఆగిపోతుంది.

నోటి మాట, నెత్తుటి మాట

ఈ రెండు మందుల మాత్రను ట్రువాడా పేరుతో ముందస్తు వాడకానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012 జూలైలో ఒప్పుకుంది. అంతకుముందు జరిగిన పరీక్షల ఫలితాలు చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. కెన్యా, ఉగాండాల్లో చీటీ రాసిన ఆమెలాంటి జంటలు, అంటే ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలు, 4,700కు పైగా ఒక పరీక్షలో చేరారు. మాత్ర వేసుకున్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్లు నూటికి 75 వంతులు తగ్గాయి. అదే మాత్రను దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది ఆడవాళ్లు పాల్గొన్న వాయిస్ అనే పరీక్షలో ఇస్తే ఏమీ తగ్గలేదు. మాత్ర తీసుకున్న గుంపుకీ ఉత్తుత్తి మాత్ర తీసుకున్న గుంపుకీ తేడా లేదు.

ఒకే మందు ఒకచోట పనిచేసి ఇంకోచోట ఎందుకు చేయలేదు?

జవాబు రక్తంలో దొరికింది. వాయిస్ పరీక్షలో ఆడవాళ్లను అడిగితే నూటికి తొంభై పాళ్లు క్రమం తప్పకుండా వేసుకుంటున్నామన్నారు. నెలనెలా తిరిగొచ్చిన సీసాల్లో మిగిలిన మాత్రలు లెక్కపెడితే అదీ ఇంచుమించు సరిపోయింది. తీరా దాచిపెట్టిన రక్తం నమూనాలు తీసి చూస్తే, ఆ మాత్ర ఇచ్చిన గుంపులో నూటికి 29 నమూనాల్లోనే మందు కనబడింది.

అబద్ధం చెప్పారని వాళ్లను నిందించడం సులువు. కానీ ఒకసారి ఆ ఇంట్లోకి వెళ్లి చూడండి. ఇరవై ఏళ్ల అమ్మాయి. చిన్న గది. ప్లాస్టిక్ సీసా కదిపితే గలగలమంటుంది. అత్తగారు వింటుంది, లేదా సావాసగాడు వింటాడు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వాడే మాత్ర కూడా ఇలాంటి సీసాలోనే వస్తుంది. "నీకుందా? లేక నాకుందని అనుమానమా?" ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పుకోవలసింది ఆ పిల్లే. మాత్రను మట్టిలో కలిపేసి, క్లినిక్‌లో మంచి నర్సమ్మ మనసు నొప్పించడం ఎందుకని "వేసుకుంటున్నా" అంటుంది. మన ఇళ్లలో బీపీ మాత్రల సంగతి తెలియనిదా? డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నాలుగు రోజులు శ్రద్ధగా వేసుకుని, బీపీ బాగుందనిపించుకుని వచ్చేవాళ్లు ప్రతి ఇంటా ఉంటారు. బీపీ మాత్రకు సిగ్గు అడ్డం లేదు. దీనికి ఉంది.

కెన్యా, ఉగాండా జంటల్లో ఇంట్లో ఇద్దరికీ విషయం తెలుసు. సీసా దాచాల్సిన పని లేదు. "వేసుకున్నావా?" అని గుర్తుచేసే మనిషి పక్కనే ఉన్నాడు. నా దృష్టిలో ఈ రంగంలో పదిహేనేళ్లుగా తెలిసిన విషయాల్లో ఇదే అన్నిటికంటే పెద్దది. మందు ఎంత శక్తిమంతమైనదన్నది రెండో ప్రశ్న. ఆ మనిషి బతికే ఇంట్లో, ఆ గడపలో, అది రోజూ ఒంట్లోకి చేరుతుందా అన్నది మొదటి ప్రశ్న.

మాత్రల్లోనే రకాలు

మాత్ర వేసుకోగలిగినవాళ్లకు మాత్ర చాలా మంచి మందు. క్రమంగా వాడితే లైంగిక సంపర్కం వల్ల హెచ్‌ఐవీ సోకడాన్ని నూటికి 99 వంతుల దాకా తగ్గిస్తుంది. మొదటి రెండు మూడు వారాలు కొందరికి కడుపులో తిప్పినట్టుంటుంది, తర్వాత పోతుంది. గర్భంతో ఉన్నా వాడుకోవచ్చు. చూసుకోవలసింది మూత్రపిండాల్ని. అందుకే మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్లకు ఈ మాత్ర తగదు. ఎముకల సాంద్రత కొద్దిగా తగ్గుతుంది, మందు ఆపితే చాలావరకు తిరిగొస్తుంది.

ఈ ఇబ్బందిని తగ్గించడానికి టెనోఫోవిర్‌నే కొత్తగా ప్యాక్ చేశారు. పాత రకం 300 మిల్లీగ్రాములు. కొత్త రకం, టెనోఫోవిర్ అలఫెనమైడ్, 25 మిల్లీగ్రాములే. మట్టికాలవలో నీళ్లు పారిస్తే సగం దారిలోనే ఇంకిపోతాయి, పైపు వేసి తెస్తే కొంచెం వదిలినా చేనుకు చేరుతుంది. పాత రకం రక్తంలోనే విడిపోయి కిడ్నీల మీదుగా పోతుంది. కొత్తది కణంలోపలికి వెళ్లాకే విప్పుకుంటుంది. కిడ్నీ, ఎముకల సూచీలు దీంతో మెరుగు. బరువు, కొలెస్ట్రాల్ కాస్త పెరగవచ్చు. ఎమ్‌ట్రిసిటబిన్‌తో కలిపిన ఈ మాత్ర డెస్కోవీ పేరుతో 2019లో అనుమతి తెచ్చుకుంది. కానీ దాన్ని పరీక్షించిన పెద్ద అధ్యయనంలో పురుషులతో సంబంధాలున్న పురుషుల్నీ ట్రాన్స్‌జెండర్ మహిళల్నీ మాత్రమే తీసుకున్నారు. ఆడవాళ్లను తీసుకోలేదు. దాంతో యోని సంపర్కం ద్వారా ముప్పున్నవాళ్లకు అమెరికాలో దానికి అనుమతి రాలేదు. ప్రపంచంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. వాళ్లను వదిలేసి పరీక్ష చేయడం శాస్త్రంలో లోపం కాదు, చేసినవాళ్ల చూపులో లోపం.

రోజూ కాకుండా అవసరమైనప్పుడే వేసుకునే పద్ధతి కూడా ఉంది. సంపర్కానికి రెండు నుంచి ఇరవై నాలుగు గంటల ముందు రెండు మాత్రలు, మొదటి డోసు తర్వాత ఇరవై నాలుగు గంటలకు ఒకటి, నలభై ఎనిమిది గంటలకు ఇంకొకటి. ఫ్రాన్స్, కెనడాల్లో పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో చేసిన పరీక్షలో ఇది ఇన్‌ఫెక్షన్లను 86 శాతం తగ్గించింది. అయితే ఈ లెక్క ఆడవాళ్లకు చెల్లదు. మందు యోని పొరల్లో తక్కువగా చేరుతుంది, పోగుపడటానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఆడవాళ్లు రోజూ వేసుకోవాలి. పూర్తి రక్షణ రావడానికి మూడు వారాలు పడుతుందని అమెరికా రోగ నియంత్రణ కేంద్రం లెక్క కట్టింది. వాట్సాప్‌లో తిరిగే చిట్కాల్లో ఈ ఆడ మగ తేడా కనబడదు, అందుకే నొక్కి చెబుతున్నాను.

హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. టెనోఫోవిర్ ఆ కామెర్ల వైరస్‌ని కూడా అణిచి ఉంచుతుంది. మాత్ర హఠాత్తుగా మానేస్తే అణిగి ఉన్న కాలేయ జబ్బు ఒక్కసారిగా విజృంభించవచ్చు. కాబట్టి ముందే ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి.

అంతకంటే ముందు తప్పనిసరి పరీక్ష హెచ్‌ఐవీదే. మందు వాడుతున్నంత కాలం దాన్ని మూడు నెలలకోసారి చేయించుకోవాలి. ఎందుకో పత్తి రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది. పురుగు పట్టిన చేలో సగం మోతాదు మందు కొడితే ఏమవుతుంది? బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి సంతతి పెంచుకుంటాయి. మరుసటి ఏడు ఆ మందు నీళ్లతో సమానం. హెచ్‌ఐవీ చికిత్సకు సాధారణంగా మూడు మందులు కావాలి. తనకు వైరస్ ఉందని తెలియక ఎవరైనా ఈ రెండు మందుల మాత్ర వాడితే అది సగం మోతాదు కొట్టడమే.

చెరువు నింపి పెట్టుకోవడం

రోజూ బిందె మోయలేని ఇంటికి ఏం కావాలి? ఇంటి పక్కన చెరువు కావాలి. సూదిమందుల ఆలోచన ఇదే.

మొదట వచ్చింది కబోటెగ్రవిర్. ఇది మన కథలో రెండో మెట్టు దగ్గర కూర్చుంటుంది. దొంగ కాగితాన్ని రికార్డులో అతికించే చేతిని పట్టేసుకుంటుంది. పిరుదు కండరంలో 600 మిల్లీగ్రాములు. మొదటి రెండు సూదులు నెల తేడాతో, ఆ తర్వాత రెండు నెలలకోసారి. నీళ్లలో సులువుగా కరగని సన్నటి పొడిగా కండరంలో కూర్చుని, బుగ్గన పెట్టుకున్న పటికబెల్లంలా కొద్దికొద్దిగా కరుగుతుంది. 2021 డిసెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. ఆఫ్రికా దేశాల్లో 3,200 మందికి పైగా ఆడవాళ్లలో చేసిన పరీక్షలో, రోజూ మాత్ర ఇచ్చినవాళ్లతో పోలిస్తే సూది వేసుకున్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్లు నూటికి 88 వంతులు తక్కువ. మాత్ర చెడ్డదని కాదు. సూదిని మట్టిలో కలిపేయలేరు, గలగలమనే సీసా లేదు.

చెరువుకు కూడా ఒక చిక్కుంది, అది ఎండేటప్పుడు. సూదులు మానేస్తే కబోటెగ్రవిర్ ఒక్కరోజులో పోదు. కొందరిలో ఏడాది దాటినా అడుగున కొంచెం మిగిలి ఉంటుంది. కాపలాకు చాలదు, వైరస్‌ని మొండిగా తయారు చేయడానికి చాలుతుంది. పత్తి చేను సంగతే మళ్లీ. అందుకని ముప్పు ఇంకా ఉన్నవాళ్లు సూది ఆపితే మాత్రలకు మారాలి. ఊరు మారే కూలీలకు, గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఇది ముందే చెప్పి తీరాలి.

క్షయ మందు రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లకు కబోటెగ్రవిర్ ఇవ్వరు. రిఫాంపిసిన్ కాలేయాన్ని హుషారుగా పనిచేయించి, దీన్ని వేళకు ముందే ఊడ్చేస్తుంది. టీబీ ఇంత ఉన్న దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో డాపివిరిన్ అనే మందు కలిపిన సిలికాన్ ఉంగరం కూడా ఉంది. దాన్ని యోనిలో నెలరోజులు ఉంచుకుంటారు. రక్షణ తక్కువ, పెద్ద పరీక్షల్లో ముప్పై శాతం ప్రాంతంలో తేలింది. కానీ పక్కవాళ్లెవరికీ చెప్పకుండా ఆడమనిషి తన చేతుల్లో పెట్టుకోగల మందు అది. ఆ ఒక్క కారణానికే దాన్ని తీసిపారేయలేను.

పల్లీల పొట్లానికి జిగురు

ఇక ఫోన్లో ఆమె చూసిన ఆర్నెల్ల సూది. పేరు లెనకపవిర్.

హెచ్‌ఐవీ తన రాతను ఒక గుల్లలో దాచుకుని తెస్తుంది. ఆ గుల్ల ఆకారం బస్టాండులో పల్లీలు కట్టిచ్చే కాగితం పొట్లంలా ఉంటుంది, ఒక కొస సన్నం, ఒక కొస వెడల్పు. దాదాపు 1,500 ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అమరి ఆ పొట్లం తయారవుతుంది. ఈ పొట్లంతో పెద్ద తంటా ఉంది. దారిలో విడిపోకూడదు, చేరవలసిన చోట విడిపోకా తప్పదు. అంటే అది మరీ గట్టిగానూ ఉండకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు. లెనకపవిర్ ఆ ముక్కల మధ్య సందుల్లో దూరి జిగురులా పట్టేస్తుంది. దాంతో పొట్లం లెక్క తప్పి బిగుసుకుపోతుంది. కణ కేంద్రకం గుమ్మం దాటి లోపలి సరుకు దించడం కుదరదు. పొరపాటున ఒకటి దాటిపోయి కొత్త వైరస్‌లు తయారవుతున్నా, వాటి పొట్లాలు వంకరగా చుట్టుకుంటాయి. పనికిరావు. ఒకే మందు రాకడనీ పోకడనీ రెండిటినీ చెడగొడుతుంది.

పైగా ఇది అతి కొద్ది మోతాదులో పనిచేస్తుంది. అందుకే పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద ఒకటిన్నర మిల్లీలీటర్ల సూదులు రెండు వేస్తే ఆరు నెలలకు సరిపోతుంది. మొదటిసారి మాత్రం, చెరువు నిండేలోపు ఖాళీ లేకుండా, ఆ రోజూ మర్నాడూ మాత్రలు కూడా మింగిస్తారు. సూది వేసినచోట చేత్తో తడిమితే చింతగింజలా గట్టిగా తగులుతుంది. అదే మందు మూట. గీరకూడదు, నొక్కకూడదు. కరిగేకొద్దీ తగ్గిపోతుంది.

2024 జూన్‌లో దీని ఫలితాలు బయటికొచ్చాయి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసు అమ్మాయిలు ఐదు వేలకు పైగా పాల్గొన్న పరీక్ష అది. ఎవరికి ఏది దక్కిందో తెలియకుండా అందరికీ సూదీ మాత్రా రెండూ ఇచ్చారు, ఒకటి అసలుది, రెండోది ఉత్తుత్తిది. ట్రువాడా దక్కిన 1,068 మందిలో 16 మందికి హెచ్‌ఐవీ సోకింది. డెస్కోవీ దక్కిన 2,136 మందిలో 39 మందికి. లెనకపవిర్ దక్కిన 2,134 మందిలో ఒక్కరికీ సోకలేదు. సున్నా. వైద్య పరీక్షల్లో సున్నా అన్న అంకె కనబడటం ఎంత అరుదో ఆ రంగంలో పనిచేసినవాళ్లకు తెలుసు. మాత్రల గుంపుల రక్తం చూస్తే మళ్లీ పాత కథే, చాలామందిలో మందు సరిగా లేదు. ఆ తర్వాత వేరే దేశాల్లో ముఖ్యంగా పురుషుల్లో చేసిన పరీక్షలో 2,179 మందిలో ఇద్దరికే సోకింది. 2025 జూన్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది.

లోపాలు లేవా? ఉన్నాయి. రిఫాంపిసిన్ దీన్ని కూడా ఊడ్చేస్తుంది, అదనపు డోసులు కావాలి. దీనికీ చెరువు అడుగంటే సమస్య ఉంది. సూది తేదీ రెండు వారాలకు మించి దాటకూడదు. ఆరు నెలలంటే మరిచిపోవడానికి సరిపడా వ్యవధి, పశువుల టీకాలు వేయించేవాళ్లకు ఆ సంగతి తెలుసు. ఇంకోటి, మాత్ర అయినా సూది అయినా సిఫిలిస్‌నీ గనేరియానీ ఆపలేవు, గర్భాన్నీ ఆపలేవు. కండోమ్ చేసే ఆ పనులు కండోమే చేయాలి.

ఇరవై నాలుగు లక్షలా, మూడున్నర వేలా?

అమెరికాలో లెనకపవిర్‌కు తయారీ సంస్థ గిలియడ్ పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన లెక్కలో సుమారు ఇరవై నాలుగు లక్షల రూపాయలు. రెండు విడతల సూదులకు! తయారీ ఖర్చే అంత అవుతుందా అంటే కాదు. పెద్ద ఎత్తున చేస్తే ఏడాదికి 40 డాలర్లకు ఇవ్వవచ్చని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ హిల్ బృందం 2024లోనే లెక్క తేల్చింది.

ఇక్కడే కథ మన గుమ్మంలోకి వస్తుంది. 2024 అక్టోబరులో గిలియడ్ ఆరు జెనరిక్ కంపెనీలకు, 120 దేశాలకు అమ్ముకునేందుకు లైసెన్సు ఇచ్చింది. ఆ ఆరింటిలో డాక్టర్ రెడ్డీస్, హెటిరో రెండూ హైదరాబాద్ కంపెనీలే. 2025 సెప్టెంబరులో ఆ రెండూ అంతర్జాతీయ సంస్థల మద్దతుతో ప్రకటించిన ధర ఏడాదికి 40 డాలర్లు. 2027 నుంచి. అంటే మూడున్నర వేల రూపాయల చిల్లర, ఇంచుమించు రోజువారీ జెనరిక్ మాత్రల ఖర్చు. 28,218 ఎక్కడ, 40 ఎక్కడ! రెండు అంకెల్లోనూ మందు ఒక్కటే.

సంతోషించే ముందు ఆ లైసెన్సు జాబితా కూడా చదవాలి. పురుషుల్లో చేసిన పరీక్షకు బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ దేశాల మనుషులు తమ ఒళ్లు అప్పగించారు. చౌక మందు దొరికే 120 దేశాల్లో ఆ నాలుగూ లేవు. దీన్ని న్యాయం అనడానికి నాకు నోరు రాదు.

మన దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దవాళ్లలో దేశం సగటు నూటికి 0.2 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు మూడింతలు, తెలంగాణలో రెండింతలకు మించి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో, 2022లో ముందస్తు మందు మీద మార్గదర్శకాలు తెచ్చింది. వాటికి ఆధారం రోజూ మాత్రే. అంతకుముందే కోల్‌కతాలోనూ మైసూరులోనూ సెక్స్ వర్కర్ల సొంత సంఘాలు ఈ మాత్రను తమ సభ్యులకు ఇచ్చి చూశాయి. అక్కడ మాత్ర మట్టిలో కలవలేదు. సీసా అందించింది తెల్లకోటు కాదు, పక్కింటి తోటి మనిషి. ఆ రెండు చోట్లా వాడినవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు.

చీటీకి జవాబు

అమ్మా, మీరు అడిగింది మాత్రా సూదా అని. మీ ఇంట్లో మీ ఆయనకు విషయం తెలుసు, మీకూ తెలుసు. సీసా దాచుకునే పని లేదు. వాయిస్ పరీక్షలో అమ్మాయిలకు ఉన్న అడ్డంకి మీకు లేదు. కాబట్టి ఆర్నెల్ల సూది కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. కిడ్నీ, హెపటైటిస్ బి పరీక్షలు బాగుంటే రోజూ మాత్ర మీకు చక్కగా సరిపోతుంది, కడుపు పండాక కూడా.

కానీ మీ చీటీలో లేని మూడో మందు ఒకటుంది, మీ ఆయన వేసుకునేది. హెచ్‌ఐవీ ఉన్న మనిషి తన చికిత్స మందులు మానకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా చిక్కనంతగా తగ్గిపోతే, లైంగిక సంపర్కంతో అది జీవిత భాగస్వామికి సోకదు. ఇది ఓదార్పు మాట కాదు. ఐరోపాలో మీలాంటి 888 జంటల్ని గమనించారు. కండోమ్ లేకుండా జరిగిన సుమారు 58,000 కలయికల్లో భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. కాబట్టి మీ మాత్ర ఎక్కువగా అవసరమయ్యేది ఆయన చికిత్స మొదలైన తొలి నెలల్లో, లేదా ఆయన మందులు తప్పుతున్నప్పుడు. పిల్లల కోసం ప్రయత్నించే ముందు డాక్టరుతో మాట్లాడి, ఆయన వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, అణిగిందని కాగితం మీద చూసుకోండి. తోడుగా మీ మాత్ర కూడా ఉంటే ఇంకా నిశ్చింత.

వైరల్ లోడ్ పరీక్ష ప్రభుత్వ హెచ్‌ఐవీ చికిత్స (ఏఆర్‌టీ) కేంద్రంలో ఉచితం. ఎవరినడగాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మీ అనుమతి లేకుండా మీ వివరాలు ఎవరికీ చెప్పకూడదని 2017 చట్టం ఉంది. ఈ రాత్రే మీ ఆయన్ను అడగండి, చివరిసారి వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో.